శుక్రవారం నమాజు అయ్యాక

అండమాన్‌లోని డాలీగంజ్ నుంచి హైదరాబాదు బయల్దేరుతుంటే మా వీధిలో వాళ్లంతా బిర్యానీ సంగతే ఎత్తారు. నా మనసు మాత్రం మక్కా మసీదు మీదే ఉంది. మా దీవులకూ ఆ మసీదుకూ ఒక మనిషి చుట్టరికం ఉంది మరి.

తోడుగా మా తమ్ముడి కూతురు వచ్చింది. కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదువుతోంది. పొద్దున్నే చార్మినార్ పక్కన రోడ్డు మీదే నిలబడి, ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్టు ముంచుకు తిన్నాం. పిల్లకు ఈ ఊళ్లో ఏ బండి దగ్గర ఏది బాగుంటుందో కంఠతా వచ్చు. కార్వాన్‌లో టోలీ మసీదు చూశాం. 1671 నాటిది, గచ్చుతో చేసిన ఆ నగిషీ చూసి తీరాలి.

మక్కా మసీదుకు పునాది 1617లో పడితే, పూర్తయ్యేసరికి 1694. మొదలుపెట్టిన కుతుబ్‌షాహీలు అప్పటికే గద్దె దిగిపోయారు. పావురాలు వాలుతున్న ఆ పెద్ద ముంగిట్లో కూర్చుని పిల్లకు చెప్పాను:

"1857 జులై 17, శుక్రవారం. ఇక్కడ నమాజయ్యాక జనం పోగయ్యారు. జమేదార్ చీదాఖాన్‌నీ, అతని తోటి సిపాయిల్నీ తెల్లవాళ్లు పట్టి ఉంచారు. వాళ్లను విడిపించడానికి తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడిచి ఆ సాయంత్రం బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్లారు. నిజాం దివాను సాలార్‌జంగ్ తెల్లవాళ్లకు ముందే కబురంపాడు. ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత తూప్రాన్ దగ్గర చంపేశారు. మౌల్వీని 1859లో ఓడెక్కించి మా అండమాన్‌కు పంపారు."

"సెల్యులార్ జైలుకా పెదనాన్నా?"

"అది కట్టడం మొదలైందే 1896లో. మౌల్వీ వచ్చేనాటికి అడవే జైలు, సముద్రమే గోడ. ఆ ఖైదీలు చెట్లు కొట్టి చదును చేసిన నేల మీదే మేం ఇళ్లు కట్టుకున్నాం."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు తన కాలేజీకి తీసుకెళ్లింది. కాలేజీ ఉన్నది పాత రెసిడెన్సీ ఆవరణలోనే. మెట్లకు అటూ ఇటూ సింహాలు, ఎత్తయిన స్తంభాలు. ఒకప్పుడు ఇక్కడ రెసిడెంటుగా ఉన్న కిర్క్‌పాట్రిక్‌, ఈ ఊరి ఖైరున్నీసాల ప్రేమకథ పూసగుచ్చినట్టు చెప్పింది. వచ్చిన వాళ్లందరికీ అదే చెబుతారట. చెప్పాల్సిన కథే. కానీ ఈ గోడల మీదికే ఆ శుక్రవారం జనం వచ్చారన్న మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా!

బయటికొచ్చి బస్టాపు దగ్గర పానీపూరీ బండి ముందు ఆగాం. వీపున ఉన్న బ్యాగు తీసి వెనక ఉన్న రాతికట్టడానికి ఆనించింది.

"రోజూ మా అడ్డా ఇదే పెదనాన్నా. డిసెంబర్లో మా కాలేజీ టూరు అండమానే. మౌల్వీ లాంటి వాళ్ల గుర్తులన్నీ నువ్వే దగ్గరుండి చూపించాలి. మా ఊళ్లో ఏముంది, వాళ్ల పేరు మీద ఒక్క రాయి కూడా నిలబెట్టలేదు!"

"ముందు ఆ బ్యాగు తియ్యమ్మా," అన్నాను. "నువ్వు ఆనించింది వాళ్ల స్తూపానికే."