బండికి జాగా ఉంది, బిడ్డకేదీ?

మొన్న మా పెద్దాడు కోకాపేట వైపు ఫ్లాటు చూడ్డానికి నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. అమ్మకాల కుర్రాడు ఓ రంగుల పుస్తకం నా చేతిలో పెట్టి ఏకరువు మొదలుపెట్టాడు. ఈతకొలను, జిమ్ము, సినిమా హాలు, కుక్కలకి విడిగా పార్కు. కుక్కల దగ్గర ఆపాను. "బాబూ, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలకెళ్తే ఏడాది పిల్లని ఇక్కడ ఎక్కడ ఉంచుతారయ్యా?" అన్నాను. కుర్రాడు పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాడు. "రెండు కిలోమీటర్లలో నాలుగు ఇంటర్నేషనల్ ప్లే స్కూళ్ళున్నాయి అంకుల్" అన్నాడు. పాలపళ్ళయినా పూర్తిగా రాని పిల్లకి ఇంటర్నేషనల్ దేనికిరా అనబోయాను. మావాడు మోచేయి గిల్లాడు. ఊరుకున్నాను.

ఊరుకోవడం అక్కడే. ఇక్కడ కాదు.

నేను ముప్ఫై నాలుగేళ్ళు ఒక మున్సిపాలిటీలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఊరు వేటిని లెక్కపెడుతుందో నాకు బాగా తెలుసు. నల్లా కనెక్షన్లు, వీధి దీపాల స్తంభాలు, మ్యాన్‌హోళ్ళు, ఇంటిపన్ను బకాయిలు, ఆఖరికి వీధికుక్కలు. ఏ పద్దు అడిగినా అరగంటలో తీసి బల్ల మీద పెట్టేవాణ్ణి. అన్నేళ్ళలో "మీ వార్డులో మూడేళ్ళలోపు పిల్లలెందరు? తల్లులు పనికెళ్తే వాళ్ళని ఎవరు చూస్తున్నారు?" అని ఒక్క కమిషనరూ అడగలేదు, ఒక్క కౌన్సిలరూ అడగలేదు. అబద్ధమెందుకు, నాకూ తోచలేదు.

మా రోజుల్లో ఆ పద్దు రాయాల్సిన పని లేదు. గల్లీకి నోటికొచ్చు. చిక్కడపల్లిలో మా ఇంటి ముందు బారెడు వెడల్పు అరుగు ఉండేది. పొద్దున పది దాటేసరికి మా నాయనమ్మ చేట పట్టుకుని అక్కడ చేరేది. బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఏడెనిమిది మంది పిల్లల మీద ఓ కన్ను వేసేది. మరీ పాకేవాణ్ణి పాత చీర అంచుతో నులకమంచం కోడుకి కట్టేది. కూరలమ్మే ఆమె తన చంటిదాన్ని మా అరుగు మీద పడుకోబెట్టి గంప నెత్తికెత్తుకునేది. మధ్యాహ్నం తిరిగొచ్చి పిల్లని తీసుకుంటూ ఓ గోంగూర కట్ట అక్కడ పెట్టి పోయేది. అదే ఫీజు. రసీదు లేదు, యూనిఫారం లేదు, బ్రోచర్ లేదు.

అరుగు లేనివాళ్ళకి ఫ్యాక్టరీ ఉండేది. మా పిన్ని ఆజామాబాద్ వైపు ఓ ఫ్యాక్టరీలో పనిచేసేది. గేటు దాటగానే ఎడమ పక్కన "పిల్లల గది". నేను టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఆ గది తొంగి చూసేవాణ్ణి. ఇనప కడ్డీకి వరసగా గుడ్డ ఊయలలు, ఒక్కోదాని మీద సుద్దముక్కతో రాసిన నెంబరు. కాగిన పాల వాసనా ఫినాయిల్ వాసనా కలిసి వచ్చేవి. పాలిచ్చే వేళకి ఆయా నెంబరు పిలిస్తే, మా పిన్ని మిషను పక్కదానికి అప్పజెప్పి పరుగెత్తుకొచ్చేది. ఆ గది యజమాని దయ అని మేమంతా అనుకునేవాళ్ళం. తర్వాత తెలిసింది, అది చట్టం. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షను ప్రకారం యాభై మందికి మించి ఆడవాళ్ళున్న చోట ఆరేళ్ళలోపు పిల్లలకి అలాంటి గది ఉండి తీరాల్సి ఉండేది. 1976లో ఆ యాభైని ముప్ఫై చేశారు.

ఇక్కడిదాకా చదివి మా అక్క పత్రిక విసిరేస్తుంది. నాకు తెలుసు. మొన్న సంక్రాంతికి ఇదే కథ చెప్పబోతే, "నీ అరుగు సంబడం ఆపరా. నాయనమ్మకి కన్ను కనపడడం మానేశాక ఆ పిల్లల్ని ఎవరు చూశారు? నన్ను ఐదో తరగతిలో బడి మాన్పించలే?" అంది. అది నిజం. చిన్న తమ్ముణ్ణి చంకనేసుకుని అక్క గుమ్మంలో నిలబడి ఉంటే, నేను పలకా సంచీ తగిలించుకుని దాని ముందు నుంచే బడికి పోయాను. మా గల్లీ లెక్కలో పిల్లలు తప్పిపోలేదు కానీ, వాళ్ళని మోసిన ఆడపిల్లలు తప్పిపోయారు. అంగన్‌వాడీలు వచ్చాక ఇలాంటి అక్కలకి బడి దారి దొరుకుతుందని పెద్దలు ఆశపడ్డారు.

అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న, 33 బ్లాకుల్లో ప్రయోగంగా మొదలయ్యాయి. ఇప్పుడు దేశమంతా 14 లక్షల దాకా అనుమతులున్నాయి. నగరంలో నాలుగు వందల నుంచి ఎనిమిది వందల జనాభాకి ఒకటి ఉండాలని కొలత. చక్కని కొలత. అయితే అంగన్‌వాడీలో కూర్చోబెట్టి చూసుకునేది మూడేళ్ళు నిండినవాళ్ళని. మూడులోపు పిల్లలకి బాలామృతం పొట్లం ఇచ్చి, బరువు తూచి, తల్లి చేతికే అప్పజెప్పి పంపుతారు. ఉద్యోగం చేసే తల్లికి ప్రసూతి ప్రయోజనాల చట్టపు 2017 సవరణ 26 వారాల సెలవిచ్చింది. అంటే ఆరు నెలలు. ఆరో నెల నుంచి మూడో ఏడు దాకా, ఆ రెండున్నరేళ్ళు బిడ్డ ఎక్కడుండాలి?

యాభై మంది ఉద్యోగులున్న సంస్థ క్రెష్ పెట్టాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చని అదే సవరణ చెప్పింది. అద్దాల మేడలో పనిచేసే అమ్మాయికి అది కొంత ఆసరా. ఆ అమ్మాయి ఇంట్లో అంట్లు తోమే ఆమెకి సంస్థ ఏదీ? నాలుగిళ్ళు కలిపితే యాభై మంది అవుతారా? మా వీధిలో పనిచేసే ఆమె పిల్లాడు అంగన్‌వాడీకి పోతాడు. వాడు ఇంటికొచ్చే వేళకి ఆమె సాయంత్రపు ఇళ్ళు మొదలవుతాయి. చెల్లి ఇంకా చంటిది. "తాళమేసి పోతున్న సారూ, ఏం జెయ్యాలె" అంది ఓ రోజు గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండానే.

ఆ అద్దాల మేడ కడుతున్నప్పుడు వెళ్ళి చూడండి. పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీ తల్లి రెండు ఇనప స్తంభాలకి చీర కట్టి బిడ్డని ఊపుతుంటుంది. పక్కన సిమెంటు మిల్లరు గుర్రుమంటుంటుంది. యాభైకి మించి ఆడకూలీలున్న చోట పిల్లలకి గది కట్టాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనూ రాశారు. కంట్రాక్టరు పద్దులో ఆడకూలీలు యాభై దాటితే కదా! పద్దులు రాసినవాణ్ణి, ఆ విద్య నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఢిల్లీలో 1969లో మీరా మహాదేవన్ అనే ఆవిడ ఇలాంటి కట్టడం దగ్గరే మట్టిలో పడున్న పిల్లల్ని చూసి, అక్కడికక్కడే డేరా వేయించి "మొబైల్ క్రెషెస్" మొదలుపెట్టింది. కట్టేది గాంధీ శతజయంతి ప్రదర్శనకి! ఆ ఊయల ఇవాళ్టికీ చీరతోనే ఊగుతోంది.

సరే, ఇప్పుడైనా ఊరు వీళ్ళని లెక్కపెడుతుందా? 1981లోనూ 1991లోనూ నేను జనాభా లెక్కల ఎన్యూమరేటరుగా ఎండలో తిరిగాను. సున్నా నుంచి ఆరేళ్ళ పిల్లల సంఖ్య అని జనగణన విడిగా ఇస్తుంది. చూసి మురిసిపోకండి. 1991 నుంచి అక్షరాస్యత ఏడేళ్ళ పైవాళ్ళకే లెక్కగడుతున్నారు. ఆ పసివాళ్ళ అంకెకి ఉన్న ముఖ్యమైన పనుల్లో ఒకటి, మొత్తంలోంచి తీసివేయబడటం. అదైనా తాజాగా ఉందా? ఆఖరు లెక్క 2011ది. ఆ పుస్తకంలో ఆరేళ్ళలోపు ఉన్న పిల్లల్లో ఒక్కడూ ఇవాళ అంగన్‌వాడీ వయసులో లేడు. పెద్దవాళ్ళు ఓట్లు కూడా వేసేశారు.

తాజా లెక్క ఉన్నది ఒక్కరి దగ్గర, అంగన్‌వాడీ టీచరు దగ్గర. ఆమె గల్లీ గల్లీ తిరిగి కుటుంబ సర్వే రిజిస్టరు రాస్తుంది. గర్భిణులు, బాలింతలు, మూడులోపు పిల్లలు, మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళు, అన్నీ విడివిడిగా. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ అని ఫోనులోనూ ఎక్కిస్తోంది. ఆ లెక్క పైకి పోతుంది, గుడ్లకీ పాలకీ పనికొస్తుంది. పక్కనే ఉన్న టౌన్ ప్లానింగు బల్ల మీదకి మాత్రం రాదు. ఆ బల్ల మీద ఏముంటుందో నాకు తెలుసు. భవన నిర్మాణ నిబంధనల మీద 2012 నాటి 168వ నంబరు జీవో ఉంటుంది. పార్కింగుకి కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతమని అందులో ఖాయంగా ఉంది. పిల్లలు ఆడుకోవడానికి "టాట్ లాట్" కూడా వదలమంది. మా చుట్టాల అపార్ట్‌మెంట్‌లో అక్కడ స్కూటర్లు ఆడుకుంటున్నాయి, అది వేరే కథ. కేంద్రం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు 2,500 మందికి ఒక నర్సరీ బడి చొప్పున జాగా చూడమన్నాయి. నర్సరీ అంటే మళ్ళీ మూడేళ్ళు నిండినవాడే. ఆ రెండున్నరేళ్ళ గొయ్యి ఇక్కడా పూడలేదు.

ఆ గొయ్యిని మా తరం ఎలా పూడుస్తోందో చెప్పనా? విమానాలతో. మా అమ్మాయి శాన్ హోసేలో ఉంటుంది. మనవడు పుట్టాక ఆరు నెలలు మేము, ఆరు నెలలు వియ్యాలవారు. షిఫ్టు డ్యూటీ. వాడు ఏ వేళకి ఏం తింటాడో కాగితం మీద రాసి, ఫ్రిజ్‌కి అంటించి, ఆవకాయ జాడీతో సహా అప్పగించి విమానం ఎక్కేవాళ్ళం. అక్కడ లైబ్రరీలో కూర్చున్నప్పుడు పిల్లల సంరక్షణ మీద ఓ నివేదిక చేతికొచ్చింది. పాత గుమాస్తాని, పద్దు కనిపిస్తే చదవకుండా ఉండలేను.

కాలిఫోర్నియాలో 58 కౌంటీలున్నాయి. ప్రతి కౌంటీకీ పిల్లల సంరక్షణకని ఒక ప్రణాళికా మండలి ఉండాలని అక్కడి చట్టం. సభ్యుల్లో ఐదో వంతు ఆ సేవ వాడుకునే తల్లిదండ్రులు, ఐదో వంతు కేంద్రాలు నడిపేవాళ్ళు, ఐదో వంతు స్థానికులు, ఐదో వంతు ప్రభుత్వ శాఖలవాళ్ళు, మిగిలినవాళ్ళు నియమించేవారి ఇష్టం. కనీసం ఐదేళ్ళకోసారి వీళ్ళు అవసరాల లెక్క తీస్తారు. ఏ వయసు పిల్లలెందరు, ఎందరి తల్లిదండ్రులు పనిలో ఉన్నారు, ఎందరికి ప్రభుత్వ సాయం అందాలి, ఇంట్లో ఏ భాష, ప్రత్యేక అవసరాలున్నవాళ్ళెందరు. దాని పక్కన, చంటిపిల్లలకి ఉన్న సీట్లెన్ని, బడికి ముందు వయసువాళ్ళకెన్ని. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే కొరత తేలుతుంది. ఆ కొరతని బట్టి ఏ పిన్‌కోడు ముందు, ఏది తర్వాత అని వరస కడతారు. ప్రభుత్వ సొమ్ము ముందు ఎక్కడ పెట్టాలో ఆ వరస చూపిస్తుంది. కేంద్రాల్లో నలుగురు చంటిపిల్లలకి ఒక మనిషి, లోపల ఒక్కో పిల్లకి 35 చదరపు అడుగులు అని కొలత కూడా ఉంది. తీసివేత లెక్క! రెండో తరగతివాడు చేసే లెక్క. ముప్ఫై నాలుగేళ్ళలో నాకు తట్టలేదు.

అక్కడంతా స్వర్గమని చెప్పబోవడం లేదు. మా అమ్మాయి ఐదో నెలలోనే పేరు రాయించింది, అయినా మేం విమానం ఎక్కక తప్పలేదు. ఫీజు వింటే కళ్ళు తిరుగుతాయి. లెక్క రాసినంత మాత్రాన ఊయల ఊగదు. కానీ లెక్కే రాయని ఊళ్ళో ఊయల లేదని రుజువు చేయడం కూడా కుదరదు. అదే అధికారులకి హాయి.

మన దగ్గరా దారి లేకపోలేదు. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు, నలభై మంది ఆరేళ్ళలోపు పిల్లలున్న బస్తీ అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలంది. 2022లో "పాల్నా" పేరుతో అంగన్‌వాడీలకే క్రెష్ కలిపే పథకం వచ్చింది. దేశం మొత్తానికి 17,000 అన్నారు. ఎనభై చిల్లర అంగన్‌వాడీలకి ఒకటి. ఆ ఒక్కటి ఏ బస్తీకి రావాలో తేల్చాలంటే తీసివేత లెక్క కావాలి. అది లేకపోతే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ గల్లీకి పోతుంది.

2027 మార్చి ఒకటో తేదీని ప్రమాణంగా పెట్టుకుని కొత్త జనగణన జరగబోతోంది. ఎన్యూమరేటరు ఇంటికొస్తే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టండి, ఆ ఎండ నాకు తెలుసు. మీ ఇంట్లో పిల్లలెందరో రాసుకుంటాడు. పగలు వాళ్ళని ఎవరు చూస్తున్నారని మాత్రం అతను అడగడు. ఆ ప్రశ్న మీరు వేరేచోట వెయ్యాలి. ఈసారి ఓటుకోసం ఎవరైనా మీ గుమ్మంలోకి వచ్చి చేతులు జోడిస్తే రోడ్డు సంగతి, నాలా సంగతి తర్వాత. "మన వార్డులో మూడేళ్ళలోపు పిల్లలెందరు, పగలు వాళ్ళనుంచడానికి చోట్లెన్ని?" అని రెండే అంకెలడగండి. తెలియదంటే తప్పు పట్టకండి. అంగన్‌వాడీ టీచరు ఏ గల్లీలో ఉంటుందో చెప్పి, వెళ్ళి ఆ రిజిస్టరు చూసి రమ్మనండి.