గిటారు మెడ పద్యమునకు టీకా తాత్పర్యములు

మూలము

నల్లకఱ్ఱ నెంచి నయముగఁ జిత్రిక
పట్టి పదునెనిమిది పాళ్లఁ గీచి
చిప్ప మెఱుపుఁ గోసి చెక్కి పొదిగినట్టి
మెడను బొటనవ్రేలు మెచ్చవలయు.

అవతారిక. మెదకు సీమలోని కొలిచెలమ ఇంటిపేరుగా గల మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిన పట్టి మహాకావ్యములకు వ్యాఖ్యలు రచించెను. ఆ నియమము కాళిదాస మాఘాదులయెడ చెల్లును గాని, గిటారు మెడను చేతితో చేయు విధానమంతయు ఒక్క ఆటవెలదిలో ఇఱికించిన ఈ అజ్ఞాతకవియెడ చెల్లదు. ఈయన చెప్పినదానికంటె మ్రింగినది హెచ్చు.

ప్రతిపదార్థము. నల్లకఱ్ఱ నెంచి = ఎబొనీ పలకను ఏఱి; నయముగఁ జిత్రిక పట్టి = ఎగుడుదిగుడులు పోవునట్లు సాపు చేసి; పదునెనిమిది పాళ్లఁ గీచి = తీగ పొడవును 18వ పాలు చొప్పున త్రోయుచు మెట్లకు గీతలు గీచి; చిప్ప మెఱుపుఁ గోసి = ముత్యపుచిప్ప తునుకను ఱంపముతో కోసి; చెక్కి పొదిగినట్టి మెడను = పలకలో గుంట తీసి అందు దానిని కూర్చిన మెడను; బొటనవ్రేలు మెచ్చవలయు = స్పష్టము. స్పష్టమని వ్యాఖ్యాతలు వ్రాసినచోట చదువరి జాగ్రత్త పడవలెను.

విశేషములు. మెడయంతయు నల్లకఱ్ఱయే యని భ్రమింపరాదు. మహాగనితోనో మేపుల్‌తోనో మలచిన దండముమీద ఎబొనీ పలకను జిగురుతో అతికింతురు. ఈ రెంటి నడుమ కాలువ త్రవ్వి ఒక ఉక్కు కడ్డీని దాచుదురు. ఆఱు ఉక్కుతీగలను శ్రుతి చేసినపుడు డెబ్బది కిలోలకు పైబడిన లాగుడు మెడపై పడును గనుక, ఆ కడ్డీని బిగించి వంపును దిద్దుకొను ఉపాయమునకు గిబ్సన్ కంపెనీలోని తాడియస్ మెక్‌హ్యూ పేర 1923లో పేటెంటు వచ్చినది. గణములలో ఇనుమునకు చోటు దొరకలేదు కాబోలు, కవి దీనిని వదలినాడు. పాఠకుడు అధ్యాహారము చేసికొనవలెను, లేనిచో మెడయు పద్యమును రెండును వంగును.

ఇక పదునెనిమిది పాళ్ల మాట. ఇది ప్రాచీనపాఠము. గెలీలియో తండ్రియగు విన్సెంజో గెలీలీ 1581లో ప్రకటించిన సంగీతగ్రంథమున, ల్యూట్ వాద్యపు మెట్లకు ఈ లెక్కనే చెప్పియున్నాడు. తీగ పొడవు 650 మిల్లీమీటర్లనుకొని, 18వ పాలు త్రోసి మొదటి మెట్టును, మిగిలినదానిలో మరల 18వ పాలు త్రోసి రెండవదానిని గీచుచు పోయినచో, సరిగా సగమున, అనగా 325 దగ్గఱ నిలువవలసిన 12వ మెట్టు రెండు మిల్లీమీటర్లకు పైగా ఇవతలనే ఆగిపోవును. పైషడ్జము పలుకవలసిన చోట తీగ కొంచెము దిగి పలుకును. వ్రేలి నొక్కుడు శ్రుతిని కొంత పైకి జరుపును గనుక ఆ కాలపు వాదకులకు ఇది అంతగా బాధింపలేదు. ఇప్పటి పనివారు 18ని విడిచి 17.817తో భాగింతురు. శాస్త్రమునకు ఇదియే సాధుపాఠము. కాని దానిని ఆటవెలదిలో ఎక్కింపగల కవి ఇంకను పుట్టవలెను.

ఇచట బొబ్బిలి ప్రాంతపు వైణికుడొకడు శంకించుచున్నాడు: మా గొల్లపల్లిలో పనసకఱ్ఱతో వీణ చేయువారు మైనముపై 24 మెట్లను నిలిపి, చెవి చెప్పిన చోటికి జరుపుచు మేళము కట్టుదురు గదా, ఈ దశాంశముల గోల ఎందులకు? సమాధానము: మైనము మనసు మార్చుకొననిచ్చును, ఱంపపు గాడి మార్చుకొననీయదు. గిటారు మెట్టును అర మిల్లీమీటరుకు కొంచెము హెచ్చు వెడల్పుగల గాడిలో సుత్తితో దింపుదురు. దిగిన పిమ్మట చెవి ఎంత మొఱపెట్టినను అది జరుగదు. అందువలన ఇక్కడ లెక్క ముందు, చెవి వెనుక.

అలంకారము. నల్ల యను విశేషణము సాభిప్రాయమగుటచే పరికరము. ఆ అభిప్రాయమేమో చెప్పెదము. సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మందమున్న చిప్పపై కాగితపు బొమ్మ నతికించి, పనిబల్ల అంచున గాటు పెట్టిన చెక్కపై దానిని అదిమిపట్టి, కంసాలివారి సన్నని ఱంపమును నిట్టనిలువుగా ఆడింపవలెను. చేయి ఏమాత్రము వాలినను ఱంపపుటాకు తెగును. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేయును గనుక చిప్పను తడుపుచు, ముక్కునకు ముసుగు కట్టుకొని కోయుదురు. కోసిన తునుకను పలకపై నుంచి సూదితో చుట్టును గీచి, చిప్ప వెంట్రుకవాసి పైకి నిలుచునంత లోతున గుంట తీయుదురు. ఎంతటి నేర్పరికైనను చిప్పకును గుంటకును నడుమ సందు కొంచెమైనను మిగులును. అప్పుడు పనివాడు ఆ పలకనుండియే రాలిన ఎబొనీ పొడిని జిగురులో కలిపి సందులలో నింపి, ఆఱిన తరువాత గరుకు కాగితముతో రుద్దును. నలుపు నలుపులో కలిసిపోయి, చిప్ప కొయ్యలోనుండియే మొలచినట్లు కనబడును. మేపుల్ పలకపై ఈ దయ లేదు. అక్కడ ప్రతి సందును తెల్లకాగితముపై సిరా గీతవలె నిలిచి సాక్ష్యము చెప్పును. కవి కఱ్ఱను ఎంచుమన్నది అందమునకే యనువారు ఈ పొడిని ఎఱుగరు.

చిప్ప చుక్కలు 3, 5, 7, 9, 12 మెట్ల యొద్ద గిటారు సంప్రదాయము. మాండలిన్, బాంజో శాఖలవారు 9కి మాఱుగా 10 అని పఠింతురు. వారితో వాదము మాకు పనిలేదు.

తాత్పర్యము. చిప్ప పొదిగిన ముఖము సభవైపు తిరిగియుండును. వాయించువాడు చూచుకొనునది మెడ అంచున తనవైపు నున్న చిన్ని చుక్కలనే. అతని చేతికి నిత్యము తగులునది మెడ వెనుకభాగము. అక్కడ ముత్యమును లేదు, ఎబొనీయును లేదు, ఆకురాయితో తీసి, గరుకు కాగితముతో నునుపు చేసిన ఉత్త కొయ్య మాత్రమున్నది. కంటికి కనబడని చిన్న మిట్టను బొటనవ్రేలు పట్టివేయును. కావుననే మంచి పనివారు కడపట దీపము వైపు చూడక, కన్నులు మూసికొని మెడ పొడవునా బొటనవ్రేలిని నడిపింతురు. మూడు పాదములు ముఖమునకిచ్చిన కవి, తీర్పును మాత్రము వెనుకవైపునకు అప్పగించినాడు.

పాఠాంతరము. ‘మెడను గొన్నవాఁడు మెచ్చవలయు’ అని నాలుగవ పాదము కొన్ని ప్రతులలో కలదు. ఇది దుకాణదారు ప్రక్షిప్తమని మా తలంపు. అయినను గణములు సరిపోయినవి, యతి చెడలేదు, కొట్టివేయుటకు ఛందస్సు ఒప్పుకొనదు.