ఉపగ్రహ కెమెరా చేసే పిల్లలు వినకూడని సలహాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇంజినీరింగ్ చదివి ఉపగ్రహాల పనిలోకి వెళ్ళాలనుకునే పిల్లలకు, క్యాలిబ్రేషన్ (సెన్సర్ చూపే అంకెల్ని సరిచూసే పని) విషయంలో పెడదారి పట్టించే సలహాలు తప్పకుండా ఎదురవుతాయి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పినట్టే ఉంటాయి కాబట్టి నమ్మబుద్ధవుతుంది.

"సెన్సర్ కొత్తది, కంపెనీ ఇచ్చిన కాగితం ఉంది, మళ్ళీ కొలవడం దేనికి?" అంటారు. రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహంలోని లిస్-4 కెమెరాలో ఒక్కో బ్యాండుకు 12,000 డిటెక్టర్లు వరసగా ఉంటాయి. ఉపగ్రహం ఉత్తరాన్నుంచి దక్షిణానికి, కాస్త పడమరకు వాలుతూ పోతుంటే ఒక్కో డిటెక్టరు తన కిందున్న సన్నటి పట్టీని మాత్రమే చూస్తుంది. ఒకే వెలుతురు పడినా అన్నీ ఒకే అంకె ఇవ్వవు. ఆ తేడా ముందే తెలియకపోతే చిత్రంలో పుంగనూరు దగ్గర మొదలైన చార కుప్పం దిక్కుగా దిగిపోతూనే ఉంటుంది.

కొలవడానికి లోపలంతా తెల్లపూత పూసిన పెద్ద గోళం వాడతారు. దీపాల వెలుగు గోడల మీద పడి, చెదిరి చెదిరి, ఒక కంత దగ్గరికి వచ్చేసరికి అంతటా సమమవుతుంది. కెమెరాను ఆ కంతకు ఎదురుగా నిలబెడతారు. దీపాలు నిలకడపడేదాకా ఆగి, వెలుతురును మెట్లు మెట్లుగా మారుస్తూ ప్రతి డిటెక్టరు అంకెనూ నమోదు చేస్తారు. చీకట్లో కూడా కొలవాలి. "చీకట్లో కొలిచేదేముంది" అన్నవాళ్ళ మాట అసలు వినొద్దు. వెలుతురు లేకపోయినా సెన్సర్ సున్నా చూపదు. ఆ అంకెను తీసేయకుంటే, చెరువు నీళ్ళలా నల్లగా కనిపించే చోట లెక్క బాగా తప్పుతుంది.

"ఐదు పది శాతం తేడా వస్తే కొంపలేం మునిగిపోవు, సగటులో సర్దుకుంటుంది." నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఈ మాటే. వాడిపోతున్న చెనిక్కాయ చేను ఎరుపు వెలుతురును 15 శాతం, సమీప పరారుణాన్ని 30 శాతం తిప్పి పంపుతోందనుకోండి. ఆ రెంటి తేడాను మొత్తంతో భాగిస్తే పచ్చదనం సూచీ 0.33. ఎరుపు సెన్సర్ పదోవంతు తక్కువ చూపిందంటే అదే సూచీ 0.38 అవుతుంది. ఎండుతున్న పైరు పటంలో కోలుకున్నట్టు కనిపిస్తుంది, కరవు లెక్కలోంచి జారిపోతుంది. ఇక సగటు మాటకొస్తే, అదే ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా తీసే, ఒక్కో పిక్సెల్ 23.5 మీటర్లుండే చిత్రంలో అర ఎకరా టమాటా తోటకు నాలుగు పిక్సెళ్ళు కూడా రావు. పైగా అన్నీ ఒకే వైపు తప్పినప్పుడు సగటు తీసినా ఆ తప్పు పోదు.

"పైకి వెళ్ళాక సరిచేద్దాం" అనడంలో కొంత నిజముంది. రణ్ ఆఫ్ కచ్ లాంటి సమతల నేలల్ని చూపించి, కక్ష్యలోకి వెళ్ళాక కూడా కెమెరాలను సరిచూస్తారు. కానీ ఏ తరంగదైర్ఘ్యానికి సెన్సర్ ఎంత స్పందిస్తుందో, పక్కనుంచి ఎంత వెలుతురు లోపలికి దూరుతుందో ప్రయోగశాలలో కొలిచినంత బాగా పైన కొలవలేం.

చివరిది, "ఒక మంచి పరికరం సరేనంటే చాలు" అనే సలహా. 1990లో పంపిన హబుల్ టెలిస్కోపు అద్దాన్ని పరీక్షించిన ప్రధాన పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు తప్పుగా అమరింది. వేరే పరీక్షల్లో తేడా కనిపించింది కూడా. అవి అంత నమ్మదగ్గవి కావని పక్కన పెట్టేశారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు పైకి వెళ్ళి చూపును సరిచేశారు. రిసోర్స్‌శాట్ 817 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది, అక్కడికి అలా వెళ్ళేవాళ్ళు లేరు. రెండు పరికరాలు రెండు అంకెలు చూపితే, ఎందుకో తేలేదాకా కెమెరాను పెట్టెలో సర్దనివ్వకండి.