ముందు పిల్లిని చూడండి

మా రోజుల్లో పిల్లికి జబ్బు చేస్తే ఏం చెయ్యాలా అని ఇంట్లో ఎవరూ కూర్చుని మాట్లాడుకునేవారు కాదు. గేదెకి చేస్తే మాట్లాడుకునేవారు. ఎద్దుకి చేస్తే ఇంటిల్లిపాదికీ అన్నం సయించేది కాదు. పిల్లి మాత్రం గాదె కింద ఎలకల్ని పట్టినన్నాళ్ళూ ఇంటి మనిషే, పట్టలేని రోజున ఎక్కడుందో అడిగే నాథుడు లేడు. "పిల్లి చచ్చేటప్పుడు మనిషి కంట పడదండీ, దాని గుణం అంతే" అని చేతులు దులుపుకునేవారు. మండపేట దగ్గర ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి, ఆ మాట లెక్కలేనన్నిసార్లు విన్నాను. అది గుణమూ కాదు, పాడూ కాదు. ఒంట్లో సత్తువ లేని పిల్లి కుక్కకి దొరక్కుండా ఓ మూల దూరుతుంది. బయటికొచ్చి నీళ్ళు తాగే ఓపిక లేక అక్కడే పోతుంది. మా మిల్లులో అయితే పాత గోనెసంచుల కట్టల వెనకాల. వాసన వచ్చేక కళాసీలు వెతికి, లాగి, కాలవ గట్టున పాతేసేవారు. 1986 ఆగస్టులో గోదావరికి అంత వరదొచ్చినప్పుడు లంకల్లో జనం ముందు పశువుల్ని గట్టెక్కించేరు. పిల్లుల మాట ఎత్తినవాళ్ళని నేను చూడలేదు.

ఆ రోజులు మళ్ళీ రావాలని నేననను. నా కడుపుమంట వేరు.

అప్పటివాళ్ళకి మందు లేదు, డబ్బు లేదు, పిల్లి మీద అంత పట్టింపూ లేదు. కానీ జీవాన్ని చూడ్డం తెలుసు. పశువుల డాక్టరుగారు సైకిలు దిగి, గేదె మీద చెయ్యి వెయ్యకుండా కాసేపు పాక గుంజకి ఆనుకుని నిలబడేవారు. ముట్టె తడిగా ఉందా, నెమరేస్తోందా, చెవులు వాల్చిందా, పేడ ఎలా వేసింది, అన్నీ చూసేవారు. తర్వాత పాలు పితికే ఆవిణ్ణి పిలిచి "అమ్మా, నిన్నటికీ ఇవాళ్టికీ నీకేం తేడా కనిపించింది?" అని అడిగేవారు. ఆవిడ చెప్పిన నాలుగు ముక్కలతోనే ఆయనకి సగం సంగతి తెలిసిపోయేది. ఇప్పుడు మందులన్నీ ఉన్నాయి. చూసే కళ్ళే కరువయ్యేయి.

మా మల్లి సంగతి చెప్తాను. మనవరాలు అయిదో క్లాసులో ఉండగా వానలో తడిసిపోయిన పిల్లికూనని పరికిణీలో చుట్టుకుని తెచ్చింది. ఇప్పుడా పిల్ల హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది, పిల్లి రాజమండ్రిలో మా దగ్గరుంది. నీళ్ళ గిన్నె తొందరగా ఖాళీ అవుతోందని ముందు మా ఆవిడ కనిపెట్టింది. ఇసుక ట్రేలో గడ్డలు పెద్దవయ్యేయి. ఒళ్ళు నిమిరితే వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. రక్తపరీక్ష చేయిస్తే మూత్రపిండాలు పాడయ్యేయన్నారు. మూత్రపిండాలు వడగట్టి బయటికి పంపాల్సిన మలినం, క్రియాటినిన్, రక్తంలో 3 దాటింది.

వయసు మళ్ళిన పిల్లులకి ఇది చాలా మామూలు జబ్బు. పిల్లి జాతి పుట్టుక ఎడారి సీమల్లోది. తక్కువ నీళ్ళతో గడుపుకోడానికి దాని మూత్రపిండాలు మూత్రాన్ని బాగా చిక్కబరుస్తాయి. అవి చెడుతుంటే ముందు పోయేది ఆ శక్తే, అందుకే గిన్నెలకి గిన్నెలు నీళ్ళు తాగుతుంది. క్రియాటినిన్ పెరిగి కాగితం మీద కనబడేసరికి మూత్రపిండాలు చేసే పనిలో ముప్పాతిక వంతు దాకా పోయి ఉంటుంది. దేశదేశాల డాక్టర్లు వాడే లెక్కలో నాలుగు దశలు. 1.6 లోపు మొదటిది, 2.8 దాకా రెండోది, 5 దాకా మూడోది, ఆపైన నాలుగోది. రెండో దశలో పట్టుకుంటే ఏళ్ళ తరబడి బతికే పిల్లులున్నాయి. నాలుగోదాంట్లో పడితే చాలావాటికి నెలలో వారాలో మిగులుతాయి. నయమయ్యేది కాదు. ఉన్నన్నాళ్ళూ బాధ లేకుండా చూసుకోవడమే వైద్యం.

ఆ కాగితం వచ్చిన దగ్గర్నుంచీ అందరి కళ్ళూ కాగితం మీదే. మా అబ్బాయి ఆఫీసు నుంచి ఫోను చేసి అంకె అడుగుతాడు. మనవరాలు వీడియో కాల్లో మల్లి మొహం చూడకుండానే "తాతయ్యా, క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అంటుంది. ఎదురు ఫ్లాటావిడకి ఖర్చే కనిపిస్తుంది. "అన్నయ్యగారూ, పిల్లికి ఇంత పెట్టాలా అండీ, ఇంకోటి దొరక్కపోతుందా" అంది మొన్న. దొరుకుతుందమ్మా, మల్లి దొరకదు అన్నాను. డాక్టరు కుర్రాడు చదువుకున్నవాడు, చెయ్యి మంచిది. కానీ "అడ్మిట్ చేద్దామా, ఇంటికి తీసికెళ్తారా, మీ ఇష్టం బాబాయ్‌గారూ" అనేసి పక్క టేబులు మీదున్న కుక్క దగ్గరికి వెళ్ళిపోయేడు. మీ ఇష్టమట! మా రోజుల్లో డాక్టరు "నా గేదైతే నేనిలా చేస్తాను" అనేవారు. తప్పో ఒప్పో బరువులో సగం తన భుజాన వేసుకునేవారు. ఇప్పుడు దారులన్నీ చూపించి మనల్ని నడిరోడ్డు మీద వదిలేస్తున్నారు. పిల్లి గురించి ఏమీ తెలియనివాడు ఏం నిర్ణయిస్తాడు? డబ్బు చూసి నిర్ణయిస్తాడు, లేకపోతే భయపడి నిర్ణయిస్తాడు.

అడ్మిట్ చేసి చూశాం. చుట్టూ కుక్కల అరుపులు, కింద ఇనప రేకు. మల్లి ఆ బోనులో మూలకి తిరిగి కూర్చుంది తప్ప తిండి ముట్టలేదు. అంకె కొంచెం దిగిందని వాళ్ళు సంతోషించేరు. అక్కడ పిల్లి మాత్రం తలెత్తడం లేదు. ఇంటికి తెచ్చేసేను.

సెలైను ఇంట్లోనే ఎక్కించుకోవచ్చని నేను తిరిగి తిరిగి అడిగితే అప్పుడు చెప్పేడు డాక్టరు. మనకి లాగా నరానికి కాదు, చర్మం కిందకి. మా ఆవిడ రింగర్ లాక్టేట్ సీసాని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచుతుంది. దాన్ని కిటికీ ఊచకి గుడ్డపీలికతో వేలాడగడతాను. మల్లిని తువ్వాలు మీద కూర్చోబెట్టి, రెండు భుజాల మధ్య చర్మాన్ని బొటనవేలితోటీ చూపుడువేలితోటీ పైకెత్తితే కింద చిన్న గుంట పడుతుంది. సూది అందులోకి, ఒంటికి వాలుగా. అవతలికి పొడుచుకొచ్చేస్తే బొచ్చు తడిసి వెంటనే తెలిసిపోతుంది. డాక్టరు చెప్పిన వంద మిల్లీలీటర్లు దిగేసరికి వీపు మీద మూపురం లేస్తుంది. కాసేపటికి ఆ నీరు ముందుకాలి మీదకి జారి, రాత్రికి ఒంట్లోకి ఇంకిపోతుంది. మా ఆవిడ గడ్డం కింద గోకుతూ కబుర్లు చెప్తుంది, మల్లి కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. మర్నాడు తిండి దగ్గరికి తనే వస్తుంది. సెలైను మేలు చేస్తోందనడానికి నాకు ఆ నడక చాలు.

ఇదే పని అన్ని పిల్లులకీ పనికిరాదు. సీసా చూడగానే మంచం కింద దూరి రోజంతా బయటికి రాని పిల్లులుంటాయి. చెయ్యి పడితే రక్కేవి ఉంటాయి. వాటిని రోజూ పట్టి కట్టి గుచ్చితే ఒంట్లో నీరు నిలుస్తుందేమో గానీ మనిషిని చూస్తేనే హడలిపోతాయి. ఆ పిల్లికి సెలైను వద్దనుకోవడం నిర్దయ కాదు. ఏ రిపోర్టులోనూ ఈ సంగతి రాయరు, ఇంట్లోవాళ్ళు చూసి చెప్పాలి.

తిండి దగ్గరా అంతే. ఫాస్ఫరస్ తక్కువుండే పథ్యం తిండి వేరే దొరుకుతుంది, అది పెడితే మూత్రపిండాల మీద భారం తగ్గుతుంది. మాట నిజమే. మల్లి దాన్ని వాసన చూసి, గిన్నె చుట్టూ నేలని గీరి వెళ్ళిపోయింది. ఆకలేస్తే అదే తింటుంది, మొండికెయ్యనివ్వండి అని సలహా చెప్పినవాళ్ళున్నారు. కుక్క సంగతేమో గానీ పిల్లి విషయంలో అది ప్రమాదం. నాలుగు రోజులు వరసగా కడుపు మాడితే కాలేయానికి కొవ్వు పట్టి, ఉన్న జబ్బుకి ఇంకో జబ్బు తోడవుతుంది. తినని పథ్యం కన్నా తినే తిండి మేలు. డాక్టరుతో వాదించి, ఫాస్ఫరస్‌ని కడుపులోనే పట్టేసే మందు రాయించుకుని, ముల్లు తీసి ఉప్పు లేకుండా ఉడికించిన కవళ్ళలో కలిపి పెడుతున్నాం. ఎండు నెత్తళ్ళు మానిపించేం. గోదావరి జిల్లాలో పుట్టిన పిల్లికి అది పెద్ద శిక్షే, అయినా ఆ ఉప్పు దానికి చేటు.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. పిల్లి నలతగా ఉందంటే మందుల షాపులో మనుషుల పారాసెటమాల్ సగం విరిచి ఇస్తున్నారు. దాన్ని విరిచి లోపలే నిర్వీర్యం చేసుకునే ఏర్పాటు పిల్లి కాలేయానికి లేదు. ఒక్క గోళీ చాలు, చిగుళ్ళు గోధుమరంగుకి తిరిగి, మొహం వాచి, ఊపిరాడక చస్తుంది. ప్రేమతోనే వేస్తారు. ఆ ప్రేమకి కాస్త తెలుసుకునే ఓపిక కూడా ఉండాలి కదా!

మన సీమలో పశువైద్యం అంతా పాడి చుట్టూ, అనపర్తి వైపు కోళ్ళ చుట్టూ పెరిగింది. 1962 నంబరుకి ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వచ్చే రోజులొచ్చేయి, 2022 నుంచి. సంతోషం. పిల్లి మూత్రపిండాల గురించి తీరిగ్గా కూర్చుని చెప్పే మనిషి కావాలంటే మాత్రం ఏలూరు కూడా దాటి గన్నవరం పశువైద్య కళాశాల దాకా వెళ్ళాలా అని ఆలోచించుకోవాల్సి వస్తోంది. అది 1998లో పెట్టిన కాలేజీ. జబ్బు పిల్లిని బుట్టలో పెట్టుకుని అంత దూరం ఎండలో పోవడం కూడా వైద్యంలో భాగమేనా అన్నది ఇంట్లోవాళ్ళు తేల్చుకోవాల్సిన ఇంకో ప్రశ్న.

అవతలి దేశాల్లో ఇంకా చాలా దూరం వెళ్ళేరు. అమెరికాలో డేవిస్ యూనివర్సిటీవాళ్ళు 1987లోనే పిల్లికి ఇంకో పిల్లి మూత్రపిండం పెట్టేరు. జపానులో ఈ జబ్బు మీద పనిచేస్తున్న పరిశోధకుడికి డబ్బు ఆగిపోయిందని 2021లో తెలిసి, పిల్లుల్ని పెంచేవాళ్ళు టోక్యో యూనివర్సిటీకి విరాళాలు కుమ్మరించేరు. ఇవి వింటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. వీటన్నిటికన్నా నాకు నచ్చింది మాంట్రియల్ యూనివర్సిటీవాళ్ళు 2019లో చేసిన పని. పిల్లి నొప్పిని దాచుకుంటుంది కాబట్టి దాని మొహం చదవడానికి ఒక కొలత తయారు చేసేరు. చెవులు పక్కలకి తిరిగేయా, కళ్ళు సగం మూసుకుందా, మూతి బిగిసిందా, మీసాలు నిక్కేయా, తల భుజాల కన్నా కిందకి వాలిందా. మా పాలు పితికే ఆవిడ గేదె దగ్గర చేసిన పని ఇదే కదా. అంత పెద్ద చదువులవాళ్ళు చివరికి పిల్లి మొహం చూడమనే చెప్పేరు. మనవాళ్ళు ఇంకా అంకె అడుగుతున్నారు.

ఇక అసలు కష్టమైన మాట. పిల్లిని చంపితే మహాపాపమని, బంగారు పిల్లిని చేయించి దానమిచ్చినా పోదని మా పెద్దలు చెప్పేవారు. ఆ భయం మంచిదే, ఎన్నో పిల్లుల్ని రాళ్ళదెబ్బల నుంచి కాపాడింది. కానీ ఆ మాటనే అడ్డం పెట్టుకుని, లేవలేక, తినలేక, తన మూత్రంలో తనే పడున్న పిల్లిని రోజుల తరబడి అలా ఉంచేస్తున్నారు. అది ధర్మం ఎలా అవుతుంది? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా, ఒక జీవాన్ని బతికించి ఉంచడమే క్రూరత్వమైతే దానికి ముగింపు ఇమ్మని చెప్పే అధికారం కోర్టుకి ఇచ్చింది. ముందు నిద్రపుచ్చి, ఆ నిద్రలోనే పోయేలా డాక్టరు ఇచ్చే సూదికీ గోనెసంచుల వెనక దాహంతో పోవడానికీ పోలికే లేదు. ఇంకో రకంవాళ్ళూ ఉన్నారు. ఖర్చు విసుగనిపించగానే, ఊరెళ్ళాల్సి రాగానే "బాధ పడుతోంది డాక్టరుగారూ" అని సూది వేయించేస్తారు. ఇంకా ఎండలో కాళ్ళు చాపుకుని పడుకునే పిల్లికి, గిన్నె చప్పుడుకి పరిగెత్తుకొచ్చే పిల్లికి! వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అందుకే మా ఇంట్లో ఆపద ముంచుకు రాకముందే కూర్చుని మాట్లాడుకున్నాం, మనవరాలు సంక్రాంతికి వచ్చినప్పుడు. మల్లి తిండి మానేసి, వాంతికీ ఆకలికీ ఇచ్చే మందులు కూడా పని చెయ్యకపోతే ఇంక గొంతులో గొట్టం పెట్టించం. ఇసుక ట్రే దాకా నడవలేకపోతే, ఒళ్ళు నాక్కోవడం మానేస్తే, మంచి రోజులకన్నా చెడ్డ రోజులు ఎక్కువైతే డాక్టర్ని ఇంటికే పిలుస్తాం. ఆటోలో తిప్పం. మనవరాలు ఏడ్చింది, ఒప్పుకుంది. డాక్టరు కుర్రాణ్ణి నిలబెట్టి "నీ పిల్లైతే ఏం చేస్తావు నాయనా?" అని అడిగేను. కాసేపు మాట్లాడలేదు. "ఇదే చేస్తానండీ. ఏ రాత్రైనా పిలవండి, వస్తాను" అన్నాడు. అడిగితే చెప్తారు. చెప్పించుకోవడం మనకి చేతకావడం లేదు.

మంచిరోజూ చెడ్డరోజూ జ్ఞాపకం మీద వదిలితే ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. అందుకని వెంకట్రామా క్యాలెండరులో, మా ఆవిడ పాల లెక్క వేసే గళ్ళలోనే, మల్లి లెక్క కూడా పెన్సిలుతో రాస్తున్నాను. నిన్న రాత్రి మనవరాలు ఫోను చేసి మళ్ళీ ఆ అంకే అడిగింది. అంకె తర్వాత చెప్తాను, ముందు ఇది విను తల్లీ అని గోడ దగ్గరికెళ్ళి చదివేను. సోమవారం సెలైను, రాత్రి కవళ్ళు సగం తింది. మంగళవారం ఏమీ తినలేదు, బీరువా వెనక పడుకుంది. బుధవారం వాంతి మందు వేసేం, సాయంత్రం తింది. గురువారం తువ్వాలు మీద కూర్చుని తోకతో సహా ఒళ్ళంతా నాక్కుంది. ఇవాళ పొద్దున్న బాల్కనీ పిట్టగోడ ఎక్కి, ఎదురు కొబ్బరిచెట్టు మీది కాకిని గొంతు చించుకుని తిట్టింది.