తుపాకులకు రసీదు, పోడుకు తాఖీదు

మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజుకు మ్యూజియం కట్టడంలో ఐదు దశలుంటాయి: ప్రకటన, స్థలం, వస్తువులు, విగ్రహం, సాంకేతికత. ఆరో దశ ఉండాలని అడవిలో కొందరంటారు గానీ, అది అంచనాల్లో లేదు.

ప్రకటన. గిరిజన స్వాతంత్ర్య యోధులకు మ్యూజియాలు కడతామని ప్రధాని 2016 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి చెప్పారు. 10 రాష్ట్రాల్లో 11 మంజూరయ్యాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ వంతుకు వచ్చింది లంబసింగి మ్యూజియం, అంచనా 35 కోట్ల రూపాయలు. 2022లో కూడా అది ‘నిర్మాణంలో’నే ఉంది. అల్లూరి సీతారామరాజు పితూరీ 1922 ఆగస్టు 22న మొదలైంది, 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపారు. అంటే తెల్లదొరల మీద యుద్ధం కూడా రెండేళ్లు నిండకుండానే అయిపోయింది. టెండర్లకు అంత తొందర పనికిరాదు.

స్థలం. లంబసింగికి ‘ఆంధ్రా కశ్మీర్’ అని పేరు. డిసెంబరులో మంచు చూడ్డానికి జనం బండ్లు కట్టుకుని వస్తారు. నర్సీపట్నం నుంచి ఈ వైపు రోడ్డు వేయించినప్పుడే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత వెట్టి చేయించి కూలి ఎగ్గొట్టాడు. పితూరీ రాజుకోవడానికి అదొక కారణం. మ్యూజియానికి వెళ్లే దారే మొదటి ప్రదర్శన వస్తువన్నమాట. దానికి టికెట్ లేదు, బోర్డూ లేదు.

వస్తువులు. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి దళం వరసగా మూడు రోజులు దాడి చేసి, 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయారు. పోతూ పోతూ స్టేషను పుస్తకంలో సరుకు వివరమంతా రాసి, కింద సీతారామరాజు సంతకం పెట్టాడు. రాజద్రోహి అని పది వేల రూపాయల వెల కట్టించుకున్న మనిషి లెక్క ఇంత పక్కాగా ఉండటం ఆడిట్ వారికి ఆదర్శం. ఆయన దోచిన చింతపల్లి స్టేషనును బాగుచేయిస్తామని కేంద్రం 2022లో ప్రకటించింది. దోచినవాడికి దండ, దోపిడికి గురైన ఠాణాకు సున్నం: సర్కారు ఎవర్నీ నొప్పించదు.

విగ్రహం. అల్లూరి 30 అడుగుల కంచు విగ్రహాన్ని 2022 జులై 4న భీమవరంలో ఆవిష్కరించారు. పోరాడింది కొండల్లోనే అయినా, సభకు జనాన్ని తేవడానికి డెల్టా అనువు. ఆయన వెంట నడిచిన గాం గంటందొర అదే పితూరీలో పోలీసు తూటాకు బలయ్యాడు. గంటందొర తమ్ముడు మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు నెగ్గాడు. ఇద్దరి పేర్లూ పలికే వక్తలు అరుదు గనక, వారి కంచు ఖర్చు కలిసొచ్చింది.

సాంకేతికత. మొగల్లులో మంజూరైన ధ్యాన మందిరంలో అల్లూరి ధ్యానముద్రలో కూర్చుంటారు. కృత్రిమ మేధతో నడిచే వ్యవస్థ వచ్చినవారికి ఆయన కథ చెబుతుంది. వీరుడు కళ్లు మూసుకుని ఉండటం పాలకులకు ఎప్పుడూ క్షేమమే. ఇక యంత్రాన్ని సందర్శకులు ఏమడిగినా ఫరవాలేదు, పోడు సంగతి తప్ప.

ఎందుకంటే అసలు గొడవ పోడుదే, అంటే అడవి నరికి కాల్చి చేసుకునే కొండ సాగుదే. 1882 మద్రాసు అటవీ చట్టం కొండ మీద పోడు కొట్టుకునేవాణ్ణి నేరస్థుణ్ణి చేసింది. తెల్లవాడు పోయాక, 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. చట్టం పేరు మారింది, రిజర్వు అడవి గీత మారలేదు. ‘చారిత్రక అన్యాయం’ జరిగిందని పార్లమెంటు ఒప్పుకుని అటవీ హక్కుల చట్టం చేయడానికి 2006 దాకా పట్టింది. అందులోనూ 2005 డిసెంబరు 13కు ముందు నుంచే సాగులో ఉన్నట్టు రుజువులు చూపాలి. తాతముత్తాతల నుంచి కొండ మీదున్నవాడు కాగితం వెతుక్కోవాలి, కొండను నిన్న కొలిచినవాడికి కాగితం చేతిలోనే ఉంటుంది.

ఆరో దశ ఇదే. మ్యూజియంలో ఒక బల్ల వేసి, పోడు పట్టా దరఖాస్తులు అక్కడే తీసుకోవాలి. ఇచ్చినవారికి తేదీ వేసి, సంతకం పెట్టి రసీదు ఇవ్వాలి. మన్యంలో ఆ మర్యాద 1922లోనే అమలైంది.