బంగారుతీగ కోసం ఉంబ్రియా దాకా

తాడేపల్లిగూడెంలో చేపల చెరువులున్న పెద్దమనుషులు నలుగురు చేరితే ఈ ఎండాకాలం మాట్లాడుకుంటున్నది మేత ధర గురించి కాదు, టస్కనీ మంచిదా ఉంబ్రియా మంచిదా అని. ఒకప్పుడు వేసవి సెలవులంటే ఊటీ. చెరువులు కలిసొచ్చాక సింగపూరు, ఆ తర్వాత దుబాయి, ఆ పైన పట్టుచీర మీద స్వెట్టరు తొడుక్కుని స్విట్జర్లాండు మంచులో ఫొటో. ఇప్పుడవన్నీ ఎవరుపడితే వాళ్లు వెళ్లొచ్చేస్తున్నారట. స్థాయి నిలబడాలంటే ఎక్కడికైనా పల్లెటూరికి పోవాలి. మన పల్లెటూరు కాదు లెండి, ఇటలీ పల్లెటూరు.

మా మావయ్య గారు కొల్లేటి ఒడ్డున ఓ పల్లెలో పుట్టారు. ఊరి పేరు రాస్తే కోప్పడతారు. అక్కణ్ణుంచి బయటపడ్డానికి ముప్పయ్యేళ్లు కష్టపడి గూడెంలో మేడ కట్టారు. మొన్న డాక్టరు గారు బీపీ చూసి "కాస్త పల్లెటూరి గాలి తగలాలండీ" అన్నారు. బెంగళూరులో ఉన్న కొడుకు ఆ మాటని ఇటలీ అని అర్థం చేసుకున్నాడు.

"ఏరా అబ్బాయ్, పేపర్లో రాస్తావుగా, ఆ దేశంలో ఏ జిల్లా బాగుంటుందో చెప్పు" అని నన్ను పిలిపించారు. మ్యాపు పరుచుకుని కూర్చున్నాం.

సిసిలీ దగ్గర మొదలెట్టాను. 2021 ఆగస్టులో అక్కడ సిరకూసా దగ్గర 48.8 డిగ్రీల ఎండ కాసిందని చెప్పగానే "రెంటచింతల చూడ్డానికి విమానం దేనికి?" అని కొట్టేశారు. పీడ్‌మాంట్ అన్నాను. వెర్చెల్లి చుట్టూ కనుచూపు మేర వరిచేలే, యూరప్‌లో వరి అందరికంటే ఎక్కువ పండించేది ఇటలీయేనండీ అన్నాను. "ఊడుపులు చూడ్డానికి యూరోలు పోస్తారా?" అంది వంటింట్లోంచి అత్తయ్య గారి గొంతు. పూలియా మాటెత్తితే, అక్కడ ఆలివ్ చెట్లకి జైలెల్లా అనే తెగులు సోకి 2013 నుంచి తోటలకు తోటలే ఎండిపోతున్న సంగతి బయటికొచ్చింది. "కొబ్బరికి తెల్లదోమ పట్టి మా బావమరిది రోజూ ఫోన్లో ఏడుస్తున్నాడు. పరాయి దేశం తెగులు కూడా నేనే చూడాలా?" కంపానియాలో గేదెపాలతో మొజరెల్లా చేస్తారని చెప్పాను. ఇంట్లో గేదెల్ని అమ్మేసి పదేళ్లే అయింది కనుక అదీ కుదరలేదు. టస్కనీకి మాత్రం ఏ లోపమూ లేదు, ఎదురింటి వాళ్లు ముందే బుక్ చేసేసుకున్నారన్నది తప్ప. ఆ ఒక్క దెబ్బతో టస్కనీ పోయింది.

మిగిలింది ఉంబ్రియా. సముద్రం తగలని ప్రాంతం. కొండలు, ఆలివ్ తోటలు, మధ్యలో పెద్ద సరస్సు.

బస చేసేది హోటల్లో కాదు, రైతు ఇంట్లో. దాన్ని అగ్రితురిస్మో అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి కొండ పల్లెలు ఖాళీ అయిపోతుంటే, రైతు ఊరు విడిచి పోకుండా 1985లో ఇటలీ ఓ చట్టం చేసింది. రైతు తన ఇంట్లో అతిథులకు గదులివ్వచ్చు, తన పంటతో భోజనం పెట్టచ్చు, కాకపోతే వ్యవసాయం మాత్రం మానకూడదు. ఆ పాత రాతి ఇళ్లలో పైన మనుషులు, కింద పశువులు ఉండేవారు. ఇప్పుడా కింది భాగానికి సున్నం వేసి మంచాలు వేశారు. తాతగారి నాటి పశువుల కొట్టాన్ని పడగొట్టించి కారు షెడ్డు కట్టించిన మావయ్య గారు, ఉంబ్రియా కొట్టంలో పది రాత్రులకి అడ్వాన్సు కట్టారు. తెల్లారగట్ల కోడి కూతతో మెలకువ వస్తుందని ఆ ఇంటివారు ప్రత్యేకంగా రాశారట. పక్కింటి పందెం కోడి నిద్ర చెడగొడుతోందని గూడెంలో పంచాయితీ పెట్టింది కూడా మావయ్య గారే. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే అక్కడ కొట్లన్నీ కట్టేసి కునుకు తీస్తారని విని ముచ్చటపడిపోయారు. ఆయన చెరువు గట్టు మీద కాపలా ఉండే ముసలాయన అదే పని చేస్తే జీతంలో కోత పడుతుంది.

ఇక సరస్సు సంగతి. దాని పేరు త్రసిమేనో. 128 చదరపు కిలోమీటర్ల నీరు. క్రీస్తుపూర్వం 217లో హానిబాల్ పొగమంచులో కాపు వేసి రోమన్ సైన్యాన్ని ఊచకోత కోసింది దాని ఒడ్డునే. విశాలమే తప్ప లోతు లేదు, మహా అయితే ఆరు మీటర్లు. లోతులేని మంచినీటి సరస్సు, లంకలు, రెల్లు, చలికాలం వచ్చిపోయే పక్షులు. ఎక్కడో విన్నట్టుందా? మావయ్య గారికి మాత్రం ఏమీ తట్టలేదు.

అక్కడ తినాల్సిన వంటకం పెద్ద కార్ప్ చేపని అడవి సోపు, వెల్లుల్లి, పందికొవ్వు పట్టించి పొయ్యిలో కాల్చింది. కార్ప్ అంటే మరేం కాదు, మన బంగారుతీగ. ముళ్లెక్కువని అత్తయ్య గారు గడప తొక్కనివ్వని చేప. దాని పక్కన వడ్డించే చిన్న గింజలు ఆ సరస్సు ఒడ్డున తప్ప దొరకవట, అంతరించిపోకుండా స్లో ఫుడ్ ఉద్యమం వాళ్లు కాపాడుకొస్తున్నారు. ఏమిటా అని చూద్దును కదా, బొబ్బర్ల జాతే. మన దగ్గర వాటిని రుబ్బి గారెలు వేసుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటాం. సరస్సు మధ్య మజ్జోరే లంకలో ఆడవాళ్లు కొక్కెం సూదితో లేసు అల్లుతారు, 1904 నుంచి ఆ లంకకి అదే పేరు. అత్తయ్య గారు అక్కడ అరడజను లేసు గుడ్డలు కొనాలని ఇప్పటికే లెక్క వేసుకున్నారు. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని తరాలుగా అల్లుతున్న లేసు యూరప్‌కి ఎగుమతి అవుతూనే ఉంది. అల్లినవాళ్లకి ముక్కకింత అని చేతిలో పడేది ఎంతో అత్తయ్య గారికి తెలుసు. అందుకే ఇక్కడ బేరం ఆడతారు, అక్కడ ఆడరు.

ఆ సరస్సుకీ ఓసారి ప్రాణం మీదికి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో దాన్ని మొత్తం ఎండగట్టి పొలాలు చేసుకుందామని అక్కడి పెద్దమనుషులు కొందరు బయల్దేరారు. గ్విదో పొంపిలి అనే నాయకుడు అడ్డం పడ్డాడు. ముంపు తగ్గాలంటే నీళ్లు పోయే కాలవ తవ్వుదాం, సరస్సు జోలికి పోవద్దన్నాడు. 1898కల్లా కాలవ తయారైంది, సరస్సు బతికింది. ఈ కథ చెబితే మావయ్య గారి కళ్లు చెమరుస్తాయనుకున్నాను. ఆయన చూపు పైకప్పుకి పోయింది, పెదాలు కదిలాయి. 128 చదరపు కిలోమీటర్లంటే ముప్పై వేల ఎకరాల పైచిలుకు. ఎకరం లీజుతో గుణించారు.

"పిచ్చిమారాజు! ఎంత ఆస్తి నీళ్లపాలు చేశాడ్రా!" అన్నారు.

మన దగ్గర అంత పిచ్చివాళ్లు పుట్టలేదు. కొల్లేటి లంకల జాలర్ల కోసమని డెబ్బైల్లో సహకార సంఘాలకి చెరువులిచ్చారు. అవి లీజుల మీద లీజులు తిరిగి పెట్టుబడి ఉన్నవారి చేతికొచ్చాయి, జాలరి అదే గట్టు మీద కూలీ అయ్యాడు. 1999లో ఐదో కాంటూరు (నేల ఎత్తుని చూపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కించి ప్రపంచానికి చాటారు. 2006లో పొక్లెయిన్లు తెచ్చి, మందుపాతర్లు పెట్టి గట్లు పేల్చారు. 2008లో అదే అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించమని శాసనసభ తీర్మానం చేసింది. పేలిన గట్లు మెల్లగా లేచి నిలబడ్డాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా కాంటూరు కిందికి దిగుతానంటుంది, వరద వచ్చినప్పుడల్లా నీళ్లు పైకెక్కుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి కొల్లేటి మీద పడ్డప్పుడు లంక గ్రామాలు నీళ్లలో నిలబడ్డాయి. పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, ఆగే చోటల్లా చెరువు గట్టు. ఆ నాలుగు రోజులూ మావయ్య గారు తిట్టింది బుడమేరుని.

త్రసిమేనో అంత సుఖంగా ఉందని కాదు. ఈమధ్య వానలు తగ్గి అక్కడా నీటిమట్టం పడిపోతోంది. కాకపోతే పడిపోయిందని గోల పెట్టడానికి అక్కడో సరస్సంటూ కనిపిస్తోంది.

చివరికి వీసా దగ్గర బండి ఆగింది. ముప్పై వేల యూరోలకి ప్రయాణ బీమా తీసుకున్నారు. బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేశారు. మీరు తిరిగి మీ ఊరికి వస్తారన్న నమ్మకం కోసం ఆస్తి కాగితాలు పెడితే మంచిదని ట్రావెల్స్ కుర్రాడన్నాడు. నలభై ఎకరాల చెరువు ఉంది, కాగితం ఏది? అభయారణ్యం మధ్యలో ఉన్న ఆస్తికి పట్టా ఏ రాయబార కార్యాలయం నమ్ముతుంది? రెండు రోజులు బీపీ బిళ్లలు రెట్టింపు వేసుకుని, గూడెం మేడ దస్తావేజులతో గట్టెక్కారు. వచ్చే నెల ప్రయాణం. సరస్సు కనిపించే గది కావాలని, మధ్యలో ఏ కట్టడమూ అడ్డు ఉండకూడదని రాతపూర్వకంగా అడిగారు. అడ్డు లేదని, ఆ ఒడ్డు 1995 నుంచి ప్రాంతీయ పార్కులో భాగమని ఇంటివారు జవాబిచ్చారు. "చూశావా, చట్టం అంటే అలా ఉండాలి" అన్నారు మావయ్య గారు.

ఇటలీ డబ్బు లేని పాఠకులు నిరాశపడక్కర్లేదు. చలికాలం రానిచ్చి ఏలూరులో కైకలూరు బస్సెక్కండి. ఆటపాకలో గూడబాతులుంటాయి. గూడు కట్టుకోను చెట్లు చాలక అటవీ శాఖ వాళ్లు పాతిన ఇనప స్టాండ్ల మీద పిల్లల్ని పెంచుకుంటూ కనిపిస్తాయి. అక్కడి నుంచి కొల్లేటికోట వెళ్లి పెద్దింట్లమ్మకి దణ్ణం పెట్టుకోండి. దారి పొడుగునా రెండు పక్కలా నీళ్లే. సరస్సు ఏదని మాత్రం ఎవర్నీ అడక్కండి, గట్టు ఎవరిదని అసలే అడక్కండి.