విస్మృతిలో డిస్టింక్షన్

డిగ్రీలో సైకాలజీ తీసుకున్న పిల్లలకు జ్ఞాపకశక్తి పాఠం ఎలా చెప్పాలో మన కాలేజీలు ఎప్పుడో తేల్చేశాయి. సెమిస్టర్ ముగిసేసరికి అందులో ఒక్క ముక్క కూడా గుర్తుండకూడదు. పెట్టుకున్న లక్ష్యాన్ని ఇంత నిక్కచ్చిగా సాధించే కోర్సు మరొకటి ఉందని నేననుకోను.

ఎబ్బింగ్‌హాస్‌నే తీసుకోండి. ఆ జర్మన్ మహానుభావుడు అర్థంపర్థం లేని అక్షరాల ముక్కలు రెండు వేలకు పైగా కూర్చుకుని, వాటిని తానే గట్టిగా చదివి, తానే అప్పజెప్పుకుని, కొన్నాళ్ళాగి మళ్ళీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ ఆదా అయిందో కొలిచాడు. 1885లో పుస్తకం వేశాడు. 20 నిమిషాల తర్వాత 58 శాతం ఆదా, గంటకు 44, ఒక రోజుకు 34, నెలకు 21. మన వాట్సాప్‌లో తిరిగే ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్’ పీడీఎఫ్‌లో ఈ అంకెలన్నీ ఉంటాయి, ఆదా అన్న ఒక్క మాట తప్ప. ‘గంటలో 56 శాతం మరిచిపోతాం’ అని తేల్చేసి ఉంటుంది. పరీక్ష ముందు రాత్రి పిల్లవాడు ఆ పట్టికను అర్థంపర్థం లేని అక్షరాలను వల్లెవేసినట్టే వల్లెవేస్తాడు. పొద్దున వెళ్ళి కక్కేసి వస్తాడు. నెల తిరక్కుండానే అదంతా ఎటు పోయిందో అతనికే తెలియదు. పాపం ఎబ్బింగ్‌హాస్‌కు దొరికింది ఒకే ఒక్క ప్రయోజ్యుడు, అదీ తనే. మనం ఏటా ఊరూరా బెంచీల నిండా కూర్చోబెట్టి ఆయన మాట నిజమని రుజువు చేస్తున్నాం. మార్కులు కూడా వేస్తున్నాం.

తర్వాత అవధానం. 1953లో కోలిన్ చెర్రీ రెండు చెవుల్లో రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒక చెవిలోది విన్నది విన్నట్టు పైకి చెబుతూ పొమ్మన్నాడు. రెండో చెవిలో మాటలు మధ్యలో జర్మన్‌లోకి మారినా మనుషులు పసిగట్టలేదు. అంతకంటే తమాషా ఏమిటంటే, వల్లించిన చెవిలోది కూడా వాళ్ళకు పెద్దగా తలకెక్కలేదు. నోరు పనిచేసింది, అంతే. ఈ పాఠం మన క్లాసులో ఎలా జరుగుతుందంటే, సారు నోట్సు చెబుతారు: “చెర్రీ, బ్రాకెట్లో 1953, బ్రాకెట్ క్లోజ్, కామా... రాశారా?” అరవై తలలు వంగి ఉంటాయి. మధ్యలో ఆయన జర్మన్ అందుకున్నా ఎవరూ తలెత్తరు, తెలిసిన అక్షరాల్లో రాసేసుకుంటారు. చెర్రీకి లేబొరేటరీ కావలసి వచ్చింది, మనకు టైంటేబుల్ చాలు. ఇందులో ఆ లెక్చరరును తిట్టి లాభం లేదు. చాలాచోట్ల ఆయన గంటల లెక్కన జీతం తీసుకునే గెస్టు. అయిదు యూనిట్లు ఫలానా తేదీలోగా అవగొట్టకపోతే వచ్చే ఏడు ఆ గంటలు కూడా ఉండవు.

మనసు ఒక్కసారిగా పట్టుకోగల అంశాల లెక్కగా మిల్లర్ చెప్పిన ‘ఏడుకు రెండు అటూ ఇటూ’ సంగతి మరీ అన్యాయం. 1956 నాటి ఆ వ్యాసం చివర్లో ఆయనే ఈ ఏడు అంకె ఉత్త కాకతాళీయం కావచ్చని అనుమానపడ్డాడు. 2001లో కోవాన్ దాన్ని నాలుగు దగ్గరకు దించాడు. మన గైడులో మాత్రం ఏడు ఏడుగానే ఉంది.

ఇక ప్రాక్టికల్ రికార్డు. మనవాళ్ళ ప్రతిభ అంతా ఇక్కడే ఉంది. ప్రయోగం పేరు ‘అవధాన విస్తృతి’. కావలసిన పరికరం టాచిస్టోస్కోపు, అంటే కార్డు మీది చుక్కల్ని రెప్పపాటు కాలం చూపించి మూసేసే పెట్టె. అది అల్మరాలో ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ గుర్తుండదు. న్యాక్ బృందం వచ్చిన రోజున బల్ల మీదికి వచ్చి, తుడిపించుకుని, ఫొటో దిగి మళ్ళీ లోపలికి వెళుతుంది. అయినా బ్రౌన్ అట్ట వేసిన ప్రతి రికార్డులోనూ ఫలితాలుంటాయి, గ్రాఫు ఉంటుంది. ప్రయోజ్యురాలి వయసు 19, మానసిక స్థితి ‘సాధారణం’. అన్నిటికంటే ముచ్చటైనది అంతర్నిరీక్షణ నివేదిక: “మొదట్లో కొంచెం కంగారు పడ్డాను. తర్వాత అలవాటైంది. ప్రయోగం ఆసక్తికరంగా ఉంది.” సీనియర్ రికార్డులోనూ ఇదే, ఆమె సీనియర్ రికార్డులోనూ ఇదే. ఎన్నడూ జరగని ప్రయోగంలో, ఎన్నడూ పుట్టని అమ్మాయి, ఏళ్ళ తరబడి ఒకే చోట కంగారు పడుతోంది. కథ చేతులు మారేకొద్దీ రూపు మారిపోతుందని 1932లో బార్ట్‌లెట్ చూపించాడు. ఆయన మన జిరాక్స్ సెంటర్ చూడలేదు. ఇక్కడ ఒక్క అచ్చుతప్పు కూడా రాలిపోకుండా తరం నుంచి తరానికి అందుతోంది. దీర్ఘకాలిక స్మృతి అంటే అదీ.

సరే, ఎలా చదివితే గుర్తుంటుందో ఈ శాస్త్రానికి తెలియదా? శుభ్రంగా తెలుసు. 2006లో రోడిగర్, కార్పికే ఒక పాఠ్యభాగం ఇచ్చి కొందరిని చదివిందే చదవమన్నారు. వాళ్ళు సగటున 14 సార్లు తిరగేశారు. ఇంకొందరు మూడు నాలుగు సార్లు చదివి, కాగితం తీసేసి గుర్తున్నది రాశారు, అలా మూడుసార్లు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే చదువుడు వీరులదే పైచేయి. వారం తర్వాత చూస్తే వాళ్ళకు 40 శాతం, రాసుకున్నవాళ్ళకు 61 శాతం. మాకే బాగా గుర్తుంటుందని ముందు ధీమాగా చెప్పింది మాత్రం చదువుడు వీరులే. ఈ ప్రయోగం మీద కూడా మనం అయిదు మార్కుల ప్రశ్న ఇవ్వగలం. దానికి కూడా పిల్లలు 14 సార్లు తిరగేసి రాగలరు.

ఇదంతా అమెరికా సరుకు, మనకు అవధాన విద్య ఉందిగా అనే పెద్దలున్నారు. ఉంది, చాలా సంతోషం. మరి అష్టావధానంలో అవధాని ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించారా? సమస్య ఇచ్చినవారికి పద్యం ఒక్క గుక్కలో చెప్పేయడు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం. ఈలోపు దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి అన్నీ చుట్టి రావాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి పకోడీల సంగతి ఎత్తుతాడు. ఇన్ని అడ్డంకుల మధ్య వదిలిన చోటును లోపలినుంచి మళ్ళీ మళ్ళీ తవ్వి తీయాలి, ఆఖర్న కాగితం ముట్టకుండా అన్ని పద్యాలూ ధారణ చేయాలి. మూడో సంవత్సరం పిల్లలకు ఇంతకంటే మంచి ప్రయోగశాల ఏది? అయితే అవధానికి శాలువా కప్పడానికి మనకున్న తీరిక, ఆయన పక్కన స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చోవడానికి లేదు.

కాబట్టి ప్రాక్టికల్స్‌కు వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లకు ఒక మనవి. అట్ట వేసిన రికార్డు పక్కన పెట్టండి. పెన్సిలుతో రాసిన, కొట్టివేతలున్న అసలు డేటా కాగితం అడగండి. అది లేకపోతే మార్కు వేయకండి. అల్మరా తాళం తెమ్మనండి. భోజనం ఏర్పాట్ల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.